రంగు తగ్గని పగడం

పిల్లకు నలతగా ఉంటే ఎవరైనా ముందు నుదురు ముట్టి చూస్తారు. మా అత్తగారు మాత్రం పిల్ల మెడలోని పగడాన్ని వెలుతురుకు తిప్పి చూసేవారు. జబ్బు ముదిరితే పగడం పాలిపోతుందని ఆవిడ నమ్మకం. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల లైనులో ఆవిడ మాటకు తిరుగులేదు.

పాలు తాగే వయసులో మా పాపకు ఒకసారి జ్వరం హెచ్చి కళ్లు తేలేసింది. అప్పుడూ ఆవిడ పగడమే చూశారు.

"ఎర్రగా నిగనిగలాడతంది. బీయే సదివినావు, ఈమాత్రం తెలీదేటే? పిల్లకేటీ అవదు."

"జ్వరం పగడానికి కాదండీ, పిల్లకి!"

మా ఆయన వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్నారు. నేనే రిక్షాలో పాపను ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు.

పాపతో ఇంటికి రాగానే అత్తగారు పగడాన్ని కళ్లకద్దుకున్నారు.

"నాను సెప్పనేదేటి? ఇదే కాసింది."

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన కూడా తలూపారు.

ఆ మాట లైనంతా పాకింది. కొన్నాళ్లకే పక్క క్వార్టరు ఆవిడ, ఒళ్లు కాలిపోతున్న కొడుకును చంకనేసుకుని వచ్చింది.

"అత్తా, ఆ పగడం ఓపాలి ఇయ్యవా?"

ఆస్పత్రికి తోడొస్తానని బతిమాలాను. ఈలోగా అత్తగారు పగడం విప్పి ఇచ్చేశారు. నేను వీధిలోకి వెళ్లి రిక్షా ఆపేసరికి, ఆ తల్లి దాన్ని కొడుకు మెడలో కట్టి, నవ్వుతూ ఇంటిదారి పట్టింది.