పులుపుకి విచ్చుకునే కొవ్వు

సెర్వా అంపోఫో కుమాసీ నగరంలోని మా ప్రయోగశాలలో చేరేనాటికి ఆమెకి ముప్పై ఏళ్ళు. పిన్ని పొకువా పెంచిన పిల్ల. పొకువా బజారులో కెంకే అమ్ముతుంది. ఆ కెంకే కోసం పులిసిన మొక్కజొన్న పిండిని కంకి డొప్పల్లో చుడుతూనే సెర్వా చదువు ముగించింది. ఎవరి ముందూ మాట మింగే మనిషి కాదు.

ఆమె ఎత్తుకున్న పని మొండిది. యాంటీబాడీ మందు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి బయట అతుక్కుంటుంది గానీ లోపలికి పోలేదు. అది అడ్డుకోవాల్సిన, కణాన్ని బతికించే ప్రోటీనేమో లోపల ఉంటుంది. అందుకని యాంటీబాడీని నానో రేణువుల్లో, అంటే కంటికి ఆనని కొవ్వు బుడగల్లో పెట్టి పంపాలనుకుంది.

ఏడాది గడిచినా కణాలు చావలేదు. మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ బొవాది ఒకరోజు, "ఇక ఆపేద్దాం సెర్వా. మందు లోపలికి పోవట్లేదు," అన్నాడు.

"పోతోంది సార్, చూడండి."

మైక్రోస్కోపులో యాంటీబాడీకి అంటించిన రంగు కణం లోపల ఆకుపచ్చ చుక్కలుగా మెరుస్తోంది.

"కణం బుడగని మింగి చిన్న సంచీలో బంధించింది. అందులోంచి మందు బయటపడితే ఆ పచ్చదనం కణమంతా పరుచుకోవాలి. ఆ సంచీలో పులుపు ఎక్కువ. పులుపు తగిలితే విచ్చుకునే కొవ్వు వాడతాను."

"పనిచేస్తుందంటావా?"

"చేయిస్తాను."

ఎన్నో రకాల కొవ్వులు కలిపి చూసింది. కొన్ని ముద్దకట్టాయి, కొన్ని దారిలోనే పగిలిపోయాయి. వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది. పచ్చదనం కణమంతా పరుచుకుని ఉంది. క్యాన్సర్ కణాలు వాడిపోయాయి, ఆరోగ్యంగా ఉన్న కణాలు చాలావరకు నిలబడ్డాయి. బొవాది చూసి, కుర్చీ లాక్కుని, మళ్ళీ చూశాడు.

ఆ సాయంత్రం పొకువా మా ఇద్దరికీ కెంకే, వేయించిన చేప పెట్టింది.

"మనుషులకెప్పుడిస్తారే ఇది?"

"ముందు ఎలుకలకి, పిన్నీ."

"నా మొక్కజొన్న బస్తాలు కొరికేవాటికి ముందు వైద్యమా? బాగుందే నీ చదువు."

పక్క కొట్టు ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సెర్వా కూడా నవ్వుతూనే, "వాటికి నయమైతేనే కదా మనుషుల దాకా వచ్చేది. వస్తుంది," అంది.

ఎలుకల్లో చాలావాటికి కణితి తగ్గింది. కొన్నిటికి తగ్గలేదు. ఆ కొన్నిటికి ఎందుకు తగ్గలేదో తేల్చే పనిలో ఉంది సెర్వా ఇప్పుడు. బొవాది ఆపమనడం మానేశాడు.