బకెట్ లేని హోటళ్ళు

విజయవాడలో నాకున్న ఒక్క స్నేహితుడు పోయాడు. దహనానికని హైదరాబాదు నుంచి బస్సులో వెళ్తూ, రాత్రికి ఎక్కడ దిగాలా అని ఫోన్‌లో రెండు పెద్ద హోటళ్ళను పోల్చి చూస్తున్నాను. ఒకదానికి స్విమ్మింగ్ పూల్ ఉంది. ఇంకోదాని కిటికీలోంచి కృష్ణ కనిపిస్తుందట. అలాంటి రోజున అవన్నీ ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు. చేతికి ఏదో పని కావాలి, అంతే.

ఇబ్రహీంపట్నం దాటాక పక్క సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ, ఏ పని మీద వెళ్తున్నానని అడిగింది. చెప్పాను.

"హోటల్లో బకెట్ ఉంటదో లేదో అడిగారా బాబూ? మా పక్కింటోళ్ళు చావుకెళ్ళొస్తే కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్ళు పోసుకుంటారు."

రెండు చోట్లకీ ఫోన్ చేశాను. షవర్ ఉంది, బాత్‌టబ్ ఉంది, బకెట్ మాత్రం ఉండదన్నారు.

"అయితే మా ఇంట్లో పోసుకుని వెళ్ళండి. భవానీపురంలోనే, మసీదు పక్క సందు."

మైలతో మీ ఇంటికి ఎలా రానండీ అని నసిగాను.

"నీళ్ళు పోసుకునేది అందుకే కదా బాబూ."

సాయంత్రం దహనం అయ్యాక వెళ్ళాను. వాకిట్లో కుళాయి పక్కన రెండు బకెట్ల నిండా నీళ్ళు, మడత విప్పని తువ్వాలు పెట్టి ఉన్నాయి. అప్పటిదాకా రాని ఏడుపు మొదటి చెంబు పోసుకోగానే వచ్చింది.

పొడి బట్టలు వేసుకుని బ్యాగు తీసుకున్నాను. చావింటి నుంచి చెప్పకుండానే రావాలి కదా, ఆ ధ్యాసలోనే ఇక్కడా మౌనంగా గేటు దాకా నడిచాను.

"వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళండి బాబూ," అంది వెనక నుంచి. "ఇది చావిల్లు కాదుగా."