కొత్త కత్తికి ప్రార్థన

ఆర్మూర్ బస్టాండు ముందు గోనెసంచి పరిచి కత్తులమ్మే ముసలమ్మ దగ్గర అతను చాలాసేపు కూర్చున్నాడు. మడిచే కత్తులన్నీ పక్కకు నెట్టేశాడు.

"మడిచేది వద్దవ్వా. తెరిచేదాకా ఎవడు ఆగుతడు?"

"ఏం పటేలా, కోసేదాకా ఆగక పసుపు బస్తాలు ఉరికిపోతయా?" అని ఆమె నవ్వింది.

అతను నవ్వలేదు. జానెడైనా లేని చెక్కపిడి కత్తి ఒకటి ఎంచుకున్నాడు. అంగీ కింద నడుముకు దోపి, పైకి కనబడుతుందా అని లేచి చూసుకున్నాడు. తర్వాత వచ్చి, బస్సు కోసం బెంచీ మీద కూర్చున్న నా పక్కన కూర్చుని, నా చేతిలో బైబిలు చూసి, కత్తి తీసి బెంచీ మీద పెట్టాడు.

"అయ్యగారూ, కొత్త వస్తువు. జర ప్రార్థన చేయుండ్రి."

మా సంఘంలో బండి కొన్నా, కుట్టుమిషను కొన్నా దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తాం. ఆ కత్తి మీదికి నా చెయ్యి పోలేదు.

"దేనికి తమ్మీ ఇది?"

"మా అన్నతోని భూమి పంచాయితి. మాట్లాడుకుందాం, ఒక్కనివే రా అన్నడు."

"అన్న పేరు చెప్పు."

"ఆయన పేరెందుకు? నాకు చేయుండ్రి."

"ఇద్దరికీ చేస్త."

తల వంచుకుని అన్న పేరు చెప్పాడు. అతని తల మీద చెయ్యి పెట్టి, అన్నదమ్ములిద్దరికీ ఆయుష్షు ఇమ్మని చుట్టుపక్కల వాళ్ళు వినేలా దేవుణ్ణి అడిగాను. అతను ఆమెన్ అనలేదు. బాల్కొండ బస్సు రాగానే కత్తి దోపుకుని ఎక్కేశాడు.

ప్రతి ఆదివారం సంఘ ప్రార్థనలో ఆ అన్న పేరు చెబుతూనే ఉన్నాను. బతికున్నవాడి కోసమే అడుగుతున్నానో లేదో దేవునికే తెలుసు.