నేలకు అందని నుదురు

మోకాలి మీద మచ్చ చూపిస్తే ఎవరూ నమ్మరు. "ఇంతేనా? దీనికేనా మూడు నెలలు కుట్టు మిషను ముట్టకుండా కూచున్నావు?" అంటారు. నా చూపుడువేలంత ఉంటుంది, అంతే. చిన్న కోత, కీలులో అరిగిన వైపు మాత్రమే మార్చేది, మరునాడే నడక. అన్నీ డాక్టరు చెప్పినట్టే జరిగాయి. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా కోపమంతా మా అక్క మీద.

బనగానపల్లెలో ముప్ఫై ఏళ్లు జాకెట్లు కుట్టాను. మిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. కర్నూలు ఆస్పత్రిలో ఆపరేషన్ అన్నప్పుడు నేను అడిగింది ఒక్కటే. "సార్, నమాజులో సజ్దా చేయల్ల. నేల మీద కాళ్లు మడిచి, వంగి, నుదురు ఆనించల్ల. అయితాదా?"

ఆయన దాచలేదు. "నడక బాగుంటుందమ్మా. నేల మీద మడిచి కూర్చోవడం కొందరికి వస్తుంది, కొందరికి రాదు. చేయించుకున్నవాళ్లను అడిగి చూడండి," అన్నాడు.

అడగడానికి దూరం పోవాల్సిన పని లేదు. కడపలో ఉండే మా అక్క ఆరు నెలల ముందే అదే ఆపరేషన్ చేయించుకుంది. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ ఒకే చాప పరిచి నమాజు నేర్పింది. సజ్దాలో అక్క మోచేయి తగిలితే నేను నవ్వేదాన్ని, లేచాక అమ్మ చేత తన్నులు తినేదాన్ని. నేను అడిగేది ఏమిటో ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఫోన్ చేశాను.

"అక్కా, నిజం చెప్పు. సజ్దా నేల మీదనే చేస్తాండావా?"

"ఐదు పూటలా చేస్తాండా మే. కాలు శానా బాగుండాది. ఊరికే భయపడొద్దు, పొయ్యి చేపిచ్చుకో."

ఇంకేం కావాలి? మరుసటి వారమే చేయించుకున్నాను.

నొప్పి పోయింది, ఒప్పుకుంటాను. మేడమెట్లు ఎక్కుతున్నాను. కానీ మోకాలు సగం మడిచాక, తలుపుకు గడియ పడ్డట్టు ఆగిపోతుంది. కసరత్తులు చేయించే అమ్మాయి ముందు పళ్లు కొరుక్కుంటూ మడిచాను, ఏడ్చాను. రాలేదు. అక్కకు వచ్చింది నాకెందుకు రాదని నన్ను నేనే తిట్టుకున్నాను. నమాజు కుర్చీలో చదివినా చెల్లుతుందని మసీదు హజరత్ కబురు పంపించారు. చెల్లుతుందేమో. నుదురు నేలకు ఆనినప్పుడు దిగే బరువు కుర్చీలో దిగదు.

ఎట్లా మడవాలో అక్కను చూసి నేర్చుకుందామని, మూడు నెలలు దాటాక చెప్పకుండా కడప బస్సెక్కాను. తలుపు తీసే ఉంది. లోపలి గదిలో అక్క మధ్యాహ్నం నమాజులో ఉంది. నీలం ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. సజ్దా వచ్చేసరికి నడుము కాస్త ముందుకు వంచింది. నుదురు గాలిలోనే ఆగింది.

ఆమె నమాజు ముగించేదాకా గడపలోనే నిలబడ్డాను. "ఎప్పట్నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ," అంది నా మొహం చూడకుండా. "నిజం చెప్పింటే నువ్వు చేపిచ్చుకుందువా? కుంటుకుంటా అట్లనే ఉందువు."

అంతవరకే అయితే క్షమించేదాన్నే. నా మంచికే అబద్ధమాడిందని సర్దుకునేదాన్ని. కానీ గోడ పక్కన ఇంకో నీలం కుర్చీ ఉంది. దాని కవరు కూడా విప్పలేదు.

"ఇదెవరికి?"

"రంజాన్‌లో ఆడోళ్లందరూ వరసగా నేలకు వంగితే నేనొక్కదాన్నే పైన కూచోనుంటి మే. నీ మోకాలూ అరిగింది కదా, నువ్వన్నా నా పక్కన ఉంటావని పండగ కాగానే రెండూ ఒకేసారి తెచ్చినా."

నేను ఆమెను అడిగింది రంజాన్ దాటిన నెలకు. అంటే నిజం చెప్పమని నేను ఫోన్‌లో బతిమాలిన రోజుకే ఆ కుర్చీ ఆ గదిలో ఉంది.

"నా సజ్దా పోగొట్టినావు కదక్కా," అన్నాను.

సాయంత్రం అజాన్ కాగానే ఆమె కవరు విప్పి, ఆ కుర్చీని తన కుర్చీ పక్కనే వేసింది. నమాజు మానలేను కాబట్టి కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ప్రతి పూటా చేతులెత్తి అడిగే దువాలో నా పిల్లలకంటే ముందు అక్కనే తలుచుకునేదాన్ని. ఆ పూట తలుచుకోలేదు.