జారని చక్రం

తెలంగాణ రాకముందు సంగతి. సీతాఫల్‌మండిల మా ఉస్తాద్ షెడ్డుకు స్పోర్ట్స్ కారొస్తే నన్నే పిలిచేటోళ్లు. ఇంజన్ పని ఎవరైనా చేస్తరు, వైరింగు, సెన్సార్ల పని మాత్రం నాదే. గొప్పలు కాదు, ఉన్నదే చెప్తున్న.

ఒకనాడు పద్మారావు నగర్ నుంచి ఒక డాక్టర్ గారు పరేషాన్‌గ వచ్చిన్రు. ఎండిన రోడ్డు మీద గూడ ఆయన కారుల చక్రం జారితే వెలిగే లైటు కొట్టుకుంటున్నదట, ఎంత రేస్ ఇచ్చినా బండి ఉరుకుతలేదట. ఇంకో షెడ్డోళ్లు కారు కంప్యూటర్ పోయిందన్నరట.

"కంప్యూటర్ మంచిగున్నది సార్," అన్న.

ఉస్తాద్ నన్ను పక్కకు గుంజిండు. "చూడకముందే ఏందిరా గా మాట? తప్పయితే రేపటిసంది షెడ్డుకు రాకు."

నాకు ఒళ్లు మండింది. పనిపోతే ఇల్లు గడవదు, అయినా తగ్గలేదు.

"సార్, నాలుగు చక్రాలకు నాలుగు సెన్సార్లుంటయ్," అని డాక్టర్ గారికి చెప్పిన. "ఏది ఎంత జోరుగ తిరుగుతున్నదో చూస్తుంటయ్. ఇంజన్ తిప్పే వెనక చక్రం మిగిలినవాటికంటె జోరుగ తిరిగితే, అది జారుతున్నదని కంప్యూటర్ అనుకుంటది. దానికి బ్రేకు పట్టి, ఇంజన్ జోరు తగ్గిస్తది. వానల మిమ్మల్ని కాపాడేది అదే. ఇప్పుడు ఉత్తగనే ఎందుకు అనుమానపడుతున్నదో చూద్దాం."

సెన్సార్ల లెక్కలు చూపించే స్కానర్ పెట్టి గల్లీల సీదా తోలిన. వెనక ఎడమ చక్రం ఒక్కటే ఎక్కువ జోరు చూపిస్తున్నది. దిగి, వెనక టైర్లకు చాక్‌పీస్‌తోటి గీతలు పెట్టి కారును నెట్టినం. కుడిది పది సుట్లు తిరిగేసరికి ఎడమది పది దాటింది.

"గిదీ సంగతి!" అని అరిచిన. రెండింటికి రిమ్ము ఒకే సైజు, ఎడమ టైరు ఎత్తు తక్కువ. చిన్న చక్రం అదే దూరం పోవాలంటే ఎక్కువ తిరగాలె గదా. అది జారుతలేదు, పొట్టిగున్నదంతే!

డాక్టర్ గారు వంగి రెండు టైర్ల మీది సైజు అంకెలు చదివిన్రు. "ఎవడయ్యా ఈ టైరు వేసింది?"

నాకు అప్పుడు యాదికొచ్చింది. పోయిన నెల ఉస్తాద్ లేనప్పుడు, టైరు కోసుకపోయిందని ఈయన డ్రైవరే బండి తెచ్చిండు. రిమ్ముకు పట్టింది గదా అని అంకెలు చూడకుండ వేసింది నేనే. అది ఉస్తాద్‌కూ డాక్టర్ గారికీ తెల్వదు. తప్పు టైర్ల షాపోని మీదికి తోసేస్తే అయిపోయేది.

"నేనే సార్," అన్న. సిగ్గుతోటి తల లేవలేదు.

ఉస్తాద్ నా దిక్కు చూసి చూసి, కింద కూసోని ఆ చక్రం నట్లు తనే విప్పుడు షురూ చేసిండు.

"నిలబడ్డవేందిరా? పోయి సరైన టైరు తే. ఈసారన్న అంకెలు చదువు."