తెరవని నాలుగు ప్యానెళ్లు

2021 ఏప్రిల్. కరోనా రెండో వేవ్‌లో సూరత్ అతలాకుతలమవుతున్న రోజులు. నేను అక్కడి విమానాశ్రయంలో ఒక చిన్న చార్టర్ కంపెనీకి ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. మా పని గురించి బయటివాళ్లకు తెలిసింది తక్కువ. విమానాన్ని నడిపేది పైలట్. అది ఎగరడానికి తగినదేనని సంతకం పెట్టేది మేము. ఆ కాగితాన్ని రిలీజ్ సర్టిఫికెట్ అంటారు. అది చేతికి అందకుండా పైలట్ బయల్దేరకూడదు. అందులో సంతకం పక్కన మా లైసెన్స్ నంబరు కూడా ఉంటుంది.

మా కంపెనీకి ఉన్నది ఒకటే విమానం. రెండు ఇంజన్లు, తొమ్మిది సీట్లు. వయసు ముప్పై నాలుగేళ్లు. ఆ మాట వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడవలసిన పనేమీ లేదు. ఏ భాగాన్ని ఎన్ని గంటలకొకసారి చూడాలో, ఎన్నేళ్లకు మార్చాలో తయారీదారు రాసి ఇస్తాడు. చూడవలసింది చూస్తూ, మార్చవలసింది మారుస్తూ ఉంటే ముప్పై నాలుగేళ్ల విమానం కూడా నిక్షేపంగా ఎగురుతుంది. కాకపోతే పాత విమానం జబ్బులు కంటికి కనిపించని చోట మొదలవుతాయి. సీట్ల కింద, గోడల వెనక, ఫ్లోర్ అడుగున.

ఆ విమానం వజ్రాల వ్యాపారులను, బట్టల వ్యాపారులను అఖాతం దాటించి భావ్‌నగర్, అమ్రేలీ చేరుస్తూ ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఏడు నెలలు కదలకుండా నిలబడిపోయింది. విమానం నిలిపే మా ఏప్రన్ నుంచి డుమస్ సముద్రం ఎంతో దూరం కాదు. వానాకాలమంతా ఉప్పు గాలి, తేమ. దీపావళి తర్వాత మళ్లీ ఎగరడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం మా ఆపరేషన్స్ మేనేజర్ హస్ముఖ్‌భాయ్ ఫోన్ చేశాడు. సూరత్ పక్కనే హజీరాలో పనిచేసే ఒక తెలుగు ఇంజనీరు భార్యకు ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. వెంటిలేటర్ మీద ఉంది. హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో బెడ్ దొరికింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మన విమానంలో తీసుకెళ్లాలి. ఒక వైపు సీట్లు పీకి స్ట్రెచర్ బిగించాలి. కార్పెట్ తీసేసి, కడగడానికి వీలుగా రెగ్జిన్ పరవాలి. పైలట్లకూ పేషెంటుకూ మధ్య తెర కట్టాలి.

రెగ్జిన్ పనికి నర్సవ్వను పిలిచాను. సిరిసిల్ల మనిషి. సూరత్‌లోనే లింబాయత్‌లో కాపురం. భర్త నడిపే మరమగ్గాల షెడ్డు మూతపడ్డాక ఆమె కుట్టుమిషను మీదే ఇల్లు నడుస్తోంది. అంతకుముందు మా సీట్లకు కవర్లు కుట్టింది. నాది ఆ పక్కనే జగిత్యాల కాబట్టి నన్ను చూస్తే చనువుగా మాట్లాడేది. మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి సలాబత్‌పురాలో కొన్న రెగ్జిన్ చుట్ట భుజాన పెట్టుకుని, పాసు చూపించి లోపలికొచ్చింది.

నేను సీట్లు విప్పి కిందికి దింపాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని కార్పెట్ ఊడదీస్తూ వెనక్కి పోయింది. నేను బయట ఆక్సిజన్ సిలిండర్ల బ్రాకెట్లు చూసుకుంటున్నాను. పది కావస్తుండగా లోపలి నుంచి పిలుపు.

"సారూ, జర ఇటు రారి."

వెళ్లాను. క్యాబిన్ మధ్యలో, సీట్లు బిగించే పట్టాల పక్కన వేలితో చూపించింది.

"గీ తెల్లగున్నది ఏంది? ఉప్పు లెక్కున్నది. మా సాంచాలకు తుప్పు పడితె ఎర్రగైతది. గిదేంది తెల్లగ?"

మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. ఆమె అడిగినదానికి నేను మామూలుగానే జవాబు చెప్పాను. "ఇనుము తుప్పు ఎర్రగుంటది అక్కా. అల్యూమినియం తుప్పు తెల్లగుంటది." ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నేనేం చెప్పానో నాకు అర్థం కాలేదు.

వంగి చూశాను. ఫ్లోర్ ప్యానెల్ అంచు పొడవునా తెల్లటి పొడి. స్క్రూల తలలు ఉబ్బి ఉన్నాయి. ప్యానెల్ ఒక మూల బియ్యపు గింజంత పైకి లేచి ఉంది. కింద నుంచి ఏదో పెరిగి దాన్ని పైకి నెట్టినట్టు.

స్క్రూలు తిరగలేదు. డ్రిల్లు పెట్టి తలలు కోసేసి ప్యానెల్ ఎత్తాను. నిలవ నీటి వాసన ముఖానికి కొట్టింది. టార్చి వేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విమానం రెక్కలు రెండూ ఒంటికి రెండు పక్కల అతికించినట్టు కనిపిస్తాయి గాని, వాటిని కలుపుతూ క్యాబిన్ ఫ్లోర్ కింద అడ్డంగా ఒక దూలం ఉంటుంది. దాన్ని స్పార్ అంటారు. గాల్లో ఉన్నప్పుడు విమానం బరువంతా మోసేది అదే. నా టార్చి వెలుగులో ఉన్నది ఆ స్పార్. దాని అంచు మడతకాజా పొరల్లా విచ్చుకుని ఉంది. మా భాషలో దీన్ని ఎక్స్‌ఫోలియేషన్ అంటాం. లోహం లోపల నుంచే తుప్పుపట్టి, పొరలు పొరలుగా లేచి ఉబ్బుతుంది. పుస్తకంలో బొమ్మలు చూశాను. వేరే విమానాల మీద గోరంత మచ్చలు చూశాను. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొద్దిగా నొక్కాను. మొన లోపలికి దిగిపోయింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. నర్సవ్వ మాటతో తెలివి వచ్చింది.

"సారూ, ఏమైంది? గట్ల బిగుసుకపోయిండ్రు?"

"ఏం లేదక్కా."

"గీ ఇమానం ఇన్నొద్దులు ఎగిరిందా?"

ఎగిరింది. దీపావళి తర్వాత ఐదు నెలలు. భావ్‌నగర్ పెళ్లికి వెళ్లిన ఒక కుటుంబం కళ్ల ముందుకొచ్చింది. థేప్లా రొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ, ఆమె కొంగు పట్టుకున్న పిల్ల. వాళ్ల సీటును నేనే తుడిచి ఇచ్చాను. వాళ్ల కాళ్ల కింద ఇది ఉంది.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆఫీసు గదిలో నా కోసం ఎదురుచూస్తోంది. ఏడు నెలలు నిలబడిన విమానాన్ని మళ్లీ ఎగరనిచ్చే ముందు చేసిన పనుల టాస్క్ కార్డులు బీరువాలో ఉన్నాయి. ఒక్కో కార్డు ఒక్కో పని. అక్టోబరు కార్డు తీశాను. "ఫ్లోర్ ప్యానెళ్లు ఆరూ తెరిచి, కింది భాగం తనిఖీ చేయడమైనది. తుప్పు లేదు." కింద సంతకం నాదే.

సంతకం చూడగానే ఆ రోజంతా గుర్తొచ్చింది. ముందున్న రెండు ప్యానెళ్లు తెరిచాను. కింద పొడిగా, శుభ్రంగా ఉంది. మిగతా నాలుగింటి స్క్రూలు పట్టేశాయి. వాటిని డ్రిల్లు చేస్తే కొత్తవి కావాలి. లాక్‌డౌన్ దెబ్బకు సామాను రావడానికి ఎన్ని వారాలు పడుతుందో తెలియదు. నాతో ఉండవలసిన టెక్నీషియన్లు ఇద్దరూ క్వారంటైన్‌లో ఉన్నారు. రెండూ ఇంత బాగున్నాయి కదా, మిగతావీ ఇలాగే ఉంటాయి అనుకున్నాను. ఆరు అని రాశాను. అలా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు.

హస్ముఖ్‌భాయ్ పన్నెండింటికి వచ్చాడు. విమానం ఎక్కి, వంగి చూసి, దిగి వచ్చాడు. మంచి మనిషే. హిందీలో నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇన్నాళ్లు ఎగిరింది కదా భాయ్. ఇంకొక్క ట్రిప్పు. ఆవిడను దించేసి విమానాన్ని అక్కడే వదిలేద్దాం. రిపేరు అక్కడే చేయిద్దాం."

"ఇది ఎగరదు హస్ముఖ్‌భాయ్. హైదరాబాదుకే కాదు, పక్క ఊరికి కూడా ఎగరదు."

"ఆరు నెలల కింద బాగుందని నువ్వే రాశావు. ఆరు నెలల్లో ఇంత తుప్పు పడుతుందా?"

పడుతుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరూ కాదనలేరు. నోటిదాకా వచ్చింది.

"అప్పుడు నేను చూడలేదు," అన్నాను. "రెండే తెరిచాను. ఆరు అని రాశాను."

ఆయన నన్ను కోప్పడలేదు. విమానం మెట్టు మీద కూర్చుండిపోయాడు. మాస్కు తీసి చేత్తో పట్టుకున్నాడు. కాసేపటికి, "జనవరిలో మా నాన్నను ఇందులోనే పంపించాను," అని మాత్రం అన్నాడు. తర్వాత లేచి ముంబయి, అహ్మదాబాదు కంపెనీలకు వరుసగా ఫోన్లు చేశాడు. ఆ రోజుల్లో ఖాళీగా ఉన్న విమానమంటూ లేదు. ఒకటి మర్నాడు ఉదయం వస్తానంది.

పేషెంటు భర్తకు సంగతి చెప్పే పని నేనే తీసుకున్నాను. ఆయన పేరు ప్రసాద్. రాజమండ్రి వైపు మనిషి. ఆస్పత్రి కారిడార్‌లో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడని వెనక చప్పుళ్లను బట్టి తెలుస్తోంది.

"అంబులెన్సులో ఎక్కించడానికి అంతా రెడీ చేశారండీ. ఇప్పుడు కాదంటే ఎలాగండీ?"

"విమానంలో లోపం బయటపడిందండీ. రేపు ఉదయం వేరే విమానం వస్తుంది."

"నేనూ ఇంజనీర్నేనండీ. హజీరాలో ప్రెషర్ వెసెల్స్ ఇన్‌స్పెక్షన్ చూస్తాను. ఆ లోపమేంటో నాకు అర్థమయ్యేలా చెప్పండి."

చెప్పాను. స్పార్, పొరలు, స్క్రూడ్రైవర్ దిగిన సంగతి. ఆయన చివరిదాకా విన్నాడు.

"మా ప్లాంటులో అయితే నేనూ ఆపేద్దునండీ," అన్నాడు చివరికి. "కానీ లోపలున్నది మా ఆవిడండీ."

అక్టోబరు సంగతి ఆ ఫోన్లో ఆయనకు చెప్పలేదు.

నేను క్యాబిన్‌లోకి తిరిగి వెళ్లేసరికి నర్సవ్వ రెగ్జిన్ చుట్టేసి, తాడు కట్టి, గడప దగ్గర కూర్చుని ఉంది. మా మాటలన్నీ వింది. హిందీ ఆమెకు బాగా వచ్చు.

"మీరు గూడ సూడకుంటనే రాసిండ్రా సారూ?" అంది.

"రాసినక్కా."

"మా షెడ్డుల మేస్త్రి గిట్లనే రాస్తడు. నూనె పొయ్యకుంటనే పోసిన అని. గాని మా సాంచ ఆగితె బట్ట కరాబైతది, గంతే." చుట్ట భుజానికెత్తుకుంది. ఆమె మెట్లు దిగిపోతుంటే ముఖం ఎటు తిప్పుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాడు పదకొండింటికి ముంబయి విమానం వచ్చి ఆవిడను తీసుకెళ్లింది. ఆవిడ పేరు శైలజ. స్కూలు టీచరు. పదహారో రోజున హైదరాబాదులో చనిపోయింది. ఆ ఒక్క రోజు ఆలస్యం వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని నాకు తెలిసిన ఒక డాక్టరును అడిగాను. "ఎవరూ చెప్పలేరు," అన్నాడు. అవునన్నా కాదన్నా దేనికో ఒకదానికి సిద్ధపడి అడిగాను. ఆ జవాబుకు మాత్రం సిద్ధపడలేదు.

జరిగినదంతా నేనే రాసి విమానయాన శాఖకు పంపాను. నా లైసెన్స్ ఆరు నెలలు ఆపేశారు. తనిఖీకి వచ్చినవాళ్లు మిగతా మూడు ప్యానెళ్లూ తెరిచారు. పొట్ట అడుగున నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రాలు పాత సీలెంటుతో మూసుకుపోయి ఉన్నాయి. వాన నీరు ఎటూ పోలేక స్పార్ దగ్గరే నిలిచింది. ఎడమ రెక్క వైపు చిటికెన వేలంత పగులు కూడా దొరికింది. ఆ విమానం మళ్లీ ఎగరలేదు. ముక్కలు చేసి లారీల్లో తీసుకెళ్లారు.

జూన్‌లో ప్రసాద్ గారి దగ్గరకు వెళ్లాను. హజీరా వైపు కంపెనీ క్వార్టర్సు. గేటు దగ్గరే, మాస్కులు పెట్టుకుని, దూరంగా నిలబడి మాట్లాడుకున్నాం. అక్టోబరు సంగతి చెప్పాను. అప్పుడే నిజం రాసి ఉంటే విమానం అప్పుడే ఆగిపోయేదని, ఆయన మొదటి రోజే వేరే విమానం వెతుక్కునేవారని చెప్పాను.



"ఇదంతా నాకెందుకు చెప్పారండీ?"

"మీకు తెలియాలని."

"నాకు తెలియకపోతేనే బాగుండేదండీ," అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు. గేటు చప్పుడు కాకుండా మెల్లగా వేశాడు. నేను వెళ్లింది ఆయన కోసం కాదు, నా బరువు దించుకోవడానికే అని అప్పుడు తెలిసింది. తిరుగు దారిలో బండి పక్కన ఆపి కూర్చున్నాను. బరువు దిగలేదు.

ఈ అనుభవం నేర్పిందేమిటని అడిగితే, విమానం ఆపడానికి ధైర్యం కావాలని చెబుతానని చాలామంది అనుకుంటారు. ఏప్రిల్‌లో ఆపడానికి ధైర్యం అక్కర్లేకపోయింది. స్క్రూడ్రైవర్ దిగిపోయిన లోహాన్ని చూశాక ఎవరైనా ఆపుతారు. అక్టోబరులో కావలసింది కూడా ధైర్యం కాదు. కార్డు మీద "నాలుగు ప్యానెళ్లు తెరవలేదు" అని రాస్తే చాలు. మూడే మాటలు. అవి రాయడానికి నాకు భయమేమీ లేదు. బద్ధకం వేసింది. అది ఒప్పుకోవడమే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే కంపెనీలో పనిచేస్తున్నాను. నా కింద ఐదుగురు టెక్నీషియన్లు ఉన్నారు. ఈ మధ్య ఒక ఇరవై ఏడేళ్ల విమానానికి తనిఖీ చేస్తుంటే వాళ్లలో ఒకతను వచ్చి, ఐదింట్లో ఒక ప్యానెల్ స్క్రూలు రావడం లేదని, మిగతా నాలుగూ శుభ్రంగా ఉన్నాయని చెప్పాడు. కార్డు తీసుకుని "ఒకటి తెరవలేదు" అని రాశాను. సామాను వచ్చేదాకా విమానం రెండు రోజులు నిలబడింది. పై నుంచి ఫోన్లు వచ్చాయి. మూడో రోజు తెరిచి చూస్తే కింద ఏమీ లేదు, కొత్తదానిలా ఉంది. అతను నా వైపు చూసి నవ్వాడు, అనవసరంగా ఆపాం కదా సార్ అన్నట్టు.

నాకు నవ్వు రాలేదు. కార్డు మీద ముందు రాసినదాన్ని అలాగే ఉంచి, దాని కింద "ఐదోదీ తెరిచి చూశాం" అని రాసి, అప్పుడు సంతకం పెట్టాను.