క్లియర్ అనని మేస్త్రి

పోయిన నెలలో ఒకరోజు పొద్దున మా పక్కింటి మేస్త్రి తాత చనిపోయారు. కోలారు బంగారు గనుల దగ్గరి కోరమండల్‌లో, గని కూలీలకు వరుసగా కట్టిన మా లైన్ ఇళ్లకు నడుమ గోడ ఒకటే. ఆ గోడ అవతల ఆయన దగ్గితేనే మాకు తెల్లవారినట్టు. గనిలో ముప్పై ఏళ్లు మింగిన దుమ్ము తాలూకు దగ్గు అది. ఆ రోజు దగ్గు వినిపించలేదు. పాలు కాస్తూ, ఈయనకు ఇవాళ కొంచెం నయంగా ఉన్నట్టుందే అనుకున్నాను. అంతలో వాళ్లింటి అవ్వ వచ్చి మా వాకిట్లో నిలబడి, "మీ తాత ఎంత పిలిచినా లేస్తా లేడు, ఒకసారి వచ్చి చూడమ్మా" అంది. వెళ్లి చూశాను. పాలు పొంగిపోయాయి.

ఆయన గురించి రాస్తానంటే మా అమ్మాయి రెండు షరతులు పెట్టింది. ఆయన కథ రాస్తే తన కథ రాయక తప్పదు కాబట్టి, తన పేరు రాయకూడదు. సబ్బుల సంఖ్య తగ్గించి రాయాలి. సరేనన్నాను. రోజుకు రెండు సబ్బులు అరిగేవి. తగ్గించే రాశాను.

ఆ సబ్బుల రోజుల్లో దానికి పన్నెండేళ్లు. మా ఊళ్లో రాయిని పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలిన పొడిని కుప్పలు పోశారు. కొండలంత ఉంటాయి. సైనైడ్ దిబ్బలు అంటాం. గాలికాలం వస్తే ఆ పొడి లేచి, పిలవని చుట్టంలా ప్రతి ఇంట్లోకీ వచ్చి కూర్చుంటుంది. సైనైడ్ అంటే విషమని బడిలో ఎవరో చెప్పారట. క్లాసులో నలభై మంది విన్నారు. ముప్పైతొమ్మిది మంది ఇంటికెళ్లి అన్నం తిన్నారు. మాది చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

లేని దెయ్యానికి భయపడితే కోప్పడి ఊరుకునేదాన్ని. పొడి నిజంగానే పడుతుంది కదా, ఏమని వాదించేది? దాంతో మా ఇంట్లో రూల్సు పుట్టుకొచ్చాయి. తలుపు మోచేత్తో తీయాలి. బయటికి పోయి వస్తే బట్టలు మార్చాలి. మా ఆయన రోజూ రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి వచ్చే మనిషి. సాయంత్రం వాకిట్లోనే చొక్కా విప్పేసి, బనీనుతో నిలబడి "వచ్చినా" అనాలి. లోపలి నుంచి అనుమతి రావాలి. లైన్‌లో ఆడవాళ్లు కొన్నాళ్లు పని మానుకుని మరీ చూశారు. తర్వాత వాళ్లకూ అలవాటైపోయింది.

వీటన్నిటికీ ఎలాగో ఒదిగిపోయాం. ఒక్కదానికి మాత్రం నేను ఒదగలేకపోయాను. నేను దాన్ని ముట్టుకోకూడదు. నాది కుట్టుపని. ఊరందరి బట్టలూ నా చేతుల్లోనే, వాటి మీద ఊరి దుమ్మంతా. ఆ చేతులు తన మీద పడకూడదంది. జడ తనే వేసుకునేది. జ్వరం వచ్చినా నుదురు తాకనివ్వలేదు. నా పక్కనే తిరిగే పిల్లను పదకొండు నెలలు ముట్టుకోకుండా ఉన్నాను. దాని చదువు, మార్కులు, పెళ్లి, ఇవేవీ అప్పుడు నాకు పట్టలేదు. ఒక్కసారి దగ్గరికి తీసుకుంటే చాలనుకున్నాను.

నేను చేసిన వైద్యం కూడా చెప్పాలి. సబ్బు దాచాను, బట్టల పౌడర్‌తో కడుక్కుంది. అరిచాను, నోటి తుంపరలు పడ్డాయని ముఖం కడుక్కుంది. ఒకసారి ఓపిక నశించి చెంప మీద కొట్టాను. కొట్టినా ముట్టుకున్నట్టే కదా. గంటన్నర స్నానం చేసింది. నీళ్ల డ్రమ్ము అడుగంటింది. స్నానాల గది బయట కూర్చుని నేను ఏడ్చాను.

నీళ్ల దగ్గరే మేస్త్రి తాత మా కథలోకి వచ్చారు. వీధి కొళాయికి వారంలో రెండుసార్లే నీళ్లు. అక్కడ బిందెల వరుసకు ఆయనే పెద్ద. మెడలో విజిల్ వేసుకుని నిలబడేవారు. మా బిందెలు నాలుగు నుంచి పది అయ్యేసరికి పిలిచి అడిగారు.

"ఏమ్మా, మీ ఇంట్లో పెండ్లి ఏమన్నా ఉండాదా? మాకు చెప్పనే లేదే?"

దాచలేక చెప్పేశాను. ఆయన విని, చాలాసేపు గడ్డం గోక్కుని, "ఇంతేనా? పాపను రేపు మా అరుగు కాడికి పంపు" అన్నారు.

గనిలో మేస్త్రి అంటే భూమి లోపల ఒక గుంపు కూలీలను నడిపించే మనిషి. తూటాలు పెట్టి రాయి పేల్చాక ముందుగా ఆయన ఒక్కడే లోపలికి పోవాలి. గడ్డపారతో పైరాయిని తట్టి, చప్పుడు విని, రాలేవి రాల్చి, "క్లియర్" అని కేకేస్తేనే మిగిలిన వాళ్లు అడుగు పెడతారు. ఆ మాట పడ్డాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మా తాత ఆ మాటను ముప్పై ఏళ్లు చెప్పారు. ఆయన గుంపులో ఒక్క తల కూడా పగలలేదని ఆయన గర్వం.

ఆ మాటే మా అమ్మాయి మీదా ప్రయోగించారు. అది అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాచేది. ఆయన టార్చి వేసి అరచేతులు, వేళ్ల సందులు, గోళ్లు చూసి, గని అదిరిపోయేలా "క్లియర్" అనేవారు. ఆశ్చర్యం, అది లేచి లోపలికి వచ్చి అన్నం తినేది. మొదటి వారంలో బిందెలు పది నుంచి ఆరయ్యాయి. నేను ఆయనకు కోడిగుడ్ల పులుసు చేసి పంపాను. మా ఆయన, "డాక్టర్లు ఊరికే చదివి చదివి చెడిపోయినారు, మేస్త్రే మేలు" అన్నారు.

నెల తిరిగేసరికి అది రోజుకు పదిసార్లు క్లియర్ కావాలంది. తర్వాత పుస్తకాలు క్లియర్ చేయమంది, తర్వాత నీళ్ల చెంబు, దువ్వెన. బడి మధ్యాహ్నం వదిలితే పరుగున వచ్చి చేతులు చాచేది. తాత నిద్రపోతుంటే లేపేది. ఒకసారి ఆయన క్యాసంబళ్ళిలో చుట్టాల పెళ్లికి బయలుదేరితే, వద్దని ఏడ్చి ఏడ్చి చివరికి తనూ బస్సెక్కింది. పెళ్లిపందిట్లో తాత భోజనం మధ్యలో ఎడంచేత్తో టార్చి వేసి చూశారట. అక్షింతలు వేయాల్సిన వాళ్లు అటు తిరిగి ఇదే చూశారని అవ్వ ఇప్పటికీ చెబుతుంది.

అప్పుడు కోలారులో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. తాత కూడా వచ్చారు. తన పద్ధతిని డాక్టరమ్మకు నేర్పిద్దామని టార్చి కూడా తెచ్చుకున్నారు. ఆమె మా అమ్మాయితో చాలాసేపు మాట్లాడి, దీన్ని ఓసీడీ అంటారని చెప్పింది. మాత్రలు రాసింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"చేతుల మురికి కాదమ్మా జబ్బు, అనుమానం జబ్బు. చేతులు కడిగితే అది కాసేపు అణుగుతాది, మళ్లీ జాస్తి అవుతాది. మీరంతా దానికి రోజూ మేత వేస్తాండారు." తాత వైపు తిరిగి, "పెద్దాయనా, తప్పుగా అనుకోవద్దండి. ఇప్పుడు ఈ పాపకు మీరే సబ్బు" అంది.

తాతకు చాలా కోపమొచ్చింది. బస్సులో టార్చిని జేబులో కుక్కేశారు. ఇంటి దగ్గర దిగేటప్పుడు, "ముప్పై ఏండ్లు మేస్త్రి పని చేసి, కడాకు సబ్బు అయినాను" అని లోపలికి పోయారు.

డాక్టరమ్మ చెప్పిన మందు చేదుది. మెట్టు మెట్టుగా మా అమ్మాయి తనకు భయమైన వాటిని తాకాలి, తాకి కడుక్కోకుండా కాసేపు కూర్చోవాలి. ఏ మెట్టు ఎప్పుడో తనే ఎంచుకుంటుంది. మేము బలవంతం చేయకూడదు. దుమ్ము ఉందా అని అడిగితే ఉందనీ లేదనీ అనకూడదు. తెలీదనాలి.

నాకు అది రాలేదు. తాతకు అసలే రాలేదు. తెలీదు అనే మాట ఆ నోట్లో ఎన్నడూ తిరగలేదు. బంగారం ధర నుంచి బొంబాయి వాన వరకు ఏది అడిగినా జవాబు చెప్పే మనిషి. అందుకని ఇంట్లో అభ్యాసం మొదలుపెట్టారు. అవ్వ "అన్నం పెట్టేదా?" అంటే "తెలీదు" అనేవారు. "మాత్ర వేసుకున్నావా?" అంటే "తెలీదు." మూడో రోజు అవ్వ గోడ మీద కొట్టి నన్ను పిలిచింది. "మీ పాపకు బాగవుతాదో లేదో గానీ, ఈ ముసలాయనకు మతి పోయిందమ్మా" అంది.

ఆయన క్లియర్ అనని మొదటి రోజు నాకు బాగా గుర్తు. అది అరుగు మీద చేతులు చాచింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

"తాతా, క్లియరా?"

"తెలీదు పాపా."

"టార్చి వేసి చూడు తాతా."

"చూసినా. తెలీదు."

ముప్పావు గంట అట్లాగే కూర్చుంది. ఏడ్చింది, తిట్టింది, బతిమాలింది. చివరికి తాత లేచి లోపలికి పోయారు. ఎంతకీ రాకపోతే నేను అవ్వను అడిగాను. "నీళ్ల డ్రమ్ము ఎనకాల కూచోని ఏడుస్తాండాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు" అని వీధంతా వినిపించేలా చెప్పింది.

ఒకసారి మోసమూ చేశారు. నోటితో తెలీదంటూ తల మాత్రం కిందికి ఊపారు. మా అమ్మాయికి ఆ ఊపు చాలు, ఎగిరి గంతేసింది. కానీ తర్వాతి వారం కోలారులో అదే వెళ్లి డాక్టరమ్మకు చెప్పేసింది. ఆమె, కొత్తగా పనిలో చేరిన కుర్రవాణ్ని మందలించినట్టు ఆయన్ను మందలించింది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. నాకు ఆ రోజు ఆయన మీద కలిగినంత ప్రేమ మా నాన్న మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

నెలలు పట్టింది. తలుపు గొళ్లెం ఒక మెట్టు, బడి బెంచీ ఒక మెట్టు, నాన్న చొక్కా ఒక మెట్టు. చొక్కా మెట్టు దాటిన రోజు మా ఆయన చొక్కాతోనే ఇంట్లోకి వచ్చారు. ఎదురింటామె "ఏమన్నా జరిగిందా?" అని పరుగెత్తుకొచ్చింది.

చిట్టచివరి మెట్టు నేను. మెట్లన్నీ రాసుకున్న కాగితం మీద అన్నిటికంటే పైన దాని చేతిరాతతో "అమ్మ" అని ఉండేది. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు కోపమే వచ్చేది. చెత్తబుట్ట కూడా నాకంటే కింది మెట్టులో ఉంది మరి.

ఒక సాయంత్రం గాలి లేచింది. దిబ్బల వైపు ఆకాశం తెల్లబడింది. నేను పరుగెత్తి ఆరేసిన బట్టలన్నీ తీసుకుని వచ్చేసరికి తలా ముఖం పిండిలో దొర్లినట్టున్నాయి. మా అమ్మాయి వాకిట్లో నిలబడి నన్నే చూస్తోంది. తాత తన అరుగు మీద తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

"అమ్మా, కదలొద్దు" అంది. ఒక వేలు చాచి నా మణికట్టు మీద పెట్టింది. వెంటనే తల తిప్పి, "తాతా, ఏమీ కాదు కదా?" అంది.

నా ప్రాణాలు ఆయన నోట్లో ఉన్నాయి. క్లియర్ అంటే బాగుండునని నేనే అనుకున్నాను.

"తెలీదు పాపా" అన్నారు. ముక్కు మీది తువ్వాలు తీసి, నిదానంగా చెప్పారు. "నీకొకటి చెప్తా. ఇన్నేండ్లు గనిలో క్లియర్ అన్నానే, అప్పుడు కూడా నాకు తెలీదు. రాయి లోపల ఏముండాదో ఎవడికి తెలుసు? తట్టి చూసేది ఒకసారి. ఇంగ చాలు, పోదాం అనుకునేది. గట్టిగా అరిచేది నా భయం నాకు వినపడకుండా ఉండేదానికి. అంతే."

అది ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. అంత పెద్ద మేస్త్రికీ తెలియకుండానే అంతమంది లోపలికి పోయి, పనిచేసి, పైకొచ్చి, ఇంటికి చేరారన్నది దానికి ఎక్కడ తగిలిందో నాకు తెలియదు. రెండో వేలు పెట్టింది. తర్వాత చేయి మొత్తం పట్టుకుంది. అట్లాగే వాకిట్లో కూర్చున్నాం. నా మెడ మీద దోమ వాలి కడుపునిండా తాగింది. నేను కదల్లేదు. దాని చేయి పెద్దదయిందని అప్పుడే తెలిసింది. పదకొండు నెలల్లో వేళ్లు ఎంత పొడుగయ్యాయో.

జబ్బు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. పరీక్షలప్పుడు, తను ఇల్లు మారినప్పుడు తిరిగొస్తుంది. మా అమ్మాయీ డాక్టరమ్మ దగ్గరికి పోతుంది, మళ్లీ మెట్లెక్కుతుంది. ఇప్పుడు కోలారులో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఒళ్లంతా సుద్దపొడి, చీమిడి ముక్కుల పిల్లలు. ఆ ఉద్యోగం వచ్చిందని చెబితే తాత చాలాసేపు దగ్గి, "దానికి వేరే పని దొరకలేదా?" అన్నారు. ఎంత సంతోషంగా అన్నారో చెప్పలేను.

ఆయన చర్చికి పోయేవారు కాబట్టి సమాధుల తోటలో పూడ్చారు. ఆడవాళ్లమూ వెళ్లాం. పెట్టె దింపాక ఒక్కొక్కరూ పిడికెడు మన్ను తీసి వేశారు. మా అమ్మాయి రెండు చేతులతో తీసి వేసింది. నేను పక్కనే నిలబడి ఏడుస్తున్నాను. తను నా వైపు తిరిగి, "ఊరుకోమ్మా" అంటూ ఆ చేతులతోనే నా రెండు చెంపలూ తుడిచింది. కన్నీళ్లలో మన్ను కలిసి ముఖమంతా బురదైంది. అది చూసి, "అయ్యో" అని మళ్లీ తుడిచింది. ఇంకొంచెం అయింది.

మా ఇళ్లలో సమాధుల దగ్గరికి పోయి వస్తే కాళ్లూ ముఖమూ కడుక్కోకుండా గడప దాటరు. కొళాయి దగ్గర వరుస కట్టాం. నా వంతు వస్తే వెనకామెను పొమ్మన్నాను. ఆమె తర్వాతామెనూ పొమ్మన్నాను. అందరూ కడుక్కుని లోపలికి పోయారు.

"ఎంతసేపమ్మా, కడుక్కోని రా" అని మా అమ్మాయి ఇంట్లోంచి పిలిచింది.

"వస్తాండా" అన్నాను. చెంపల మీద మన్ను ఆరి బిగుసుకుంటోంది. కొళాయి ముందు అట్లాగే నిలబడి ఉన్నాను.